కట్టె, కొట్టె, తెచ్చె సరిపోని చోట

ఈసారి సారాంశం రాయడం గురించి. మనలాంటివాళ్ళం అక్షరాలు వచ్చాక చేసే మొదటి అభ్యాసం ఇదే కదా. ఒక కథో, ఒక వార్తో చదివి, దాన్ని నాలుగు వాక్యాల్లో రాయడం. నేనూ అలాగే చేశాను. అది తేలిక పని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నష్టపోయింది నేను కాదు, ఇంకొక మనిషి. అందుకే ఇది రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం నా గురించి రెండు మాటలు. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని చేశారు. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో మొత్తం ఇంగ్లీషు. తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అక్షరాలు నేర్చుకున్నది యాభై ఏడో ఏట, ఒక్కదాన్నే, ఫోన్ చూసుకుంటూ. ఒత్తులు ఇప్పటికీ తప్పు రాస్తాను, కనపడితే దిద్దండి. ఉద్యోగం కువైట్‌లో, సులైబియాలో. కూరగాయల హోల్‌సేల్ మార్కెట్టూ గోడౌన్లూ ఉన్న ప్రాంతం. అక్కడ ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తాను.

శుక్రవారం గుడి పని. గుడి అంటే గోపురం, ధ్వజస్తంభం అనుకోకండి. కొన్ని కుటుంబాలు కలిసి పూజ చేసుకునే హాలు అది. చెప్పులు సర్దడం, పులిహోర పొట్లాలు కట్టడం, హారతి అయ్యాక ప్రకటనలు చదవడం నా వంతు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు, డ్రైవర్లు, మార్కెట్లో బస్తాలు మోసేవాళ్ళు. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు వైపు వాళ్ళు కొందరు, రాజోలు, అమలాపురం వైపు వాళ్ళు కొందరు. చేతిలో ఏ కాగితం ఉన్నా నా దగ్గరికి తెస్తారు. "అమ్మా, ఇందులో ఏముందో చెప్పమ్మా" అంటారు. కాగితం అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. వాళ్ళకు కావలసింది సారాంశం. అది విని, వాళ్ళు వెళ్ళి ఒక పని చేస్తారు.

బడిలో మాకు నేర్పిన సారాంశం వేరు. రెన్ అండ్ మార్టిన్ పుస్తకంలో ప్రెసీ రాయడం ఒక పాఠం. మూడు వందల మాటలుంటే వంద మాటలకు తేవాలి. విశేషణాలు తీసెయ్, ఉదాహరణలు తీసెయ్, మూడో వంతుకు దించు. నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. నేను రాసింది చదివి ఎవరూ విమానం టికెట్ కొనలేదు కాబట్టి అది మంచి సారాంశమో కాదో తెలిసే వీలు కూడా లేదు.

2024 మార్చిలో, రంజాన్ నెలలో, అకామా లేకుండా ఉన్నవాళ్ళకు కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. మార్చి 17 నుంచి జూన్ 17 వరకు గడువు. తర్వాత దాన్ని జూన్ 30 వరకు పొడిగించారు. ప్రకటన ఇంగ్లీషు పేపర్లో చదివాను. అందులో ఉన్న విషయాలు ఇవి. దేశం వదిలి వెళ్ళేవాళ్ళు జరిమానా కట్టక్కర్లేదు. నియమాల ప్రకారం కొత్త వీసా దొరికితే మళ్ళీ రావచ్చు. ఇక్కడే ఉండాలనుకునేవాళ్ళు జరిమానా కట్టి అకామా సరిచేసుకోవచ్చు. కోర్టు కేసో, ప్రయాణ నిషేధమో ఉన్నవాళ్ళు ముందు అకామా ఆఫీసుకు వెళ్ళి మాట్లాడుకోవాలి. గడువు దాటాక దొరికితే శిక్ష, పంపించేయడం, మళ్ళీ రానివ్వకపోవడం.

నేను ఆ రాత్రే కూర్చుని, ఎంతో సంతోషంగా, వాట్సాప్‌లో పెట్టడానికి తెలుగులో ఇలా రాశాను: "అకామా లేనివాళ్ళకు మంచి వార్త. మార్చి 17 నుంచి జూన్ 17 వరకు జరిమానా కట్టకుండా ఇంటికి వెళ్ళొచ్చు. మళ్ళీ రావచ్చు."

మూడు వాక్యాలు. ఒక్క అక్షరం తప్పు లేదు. నాకు తెలుగు వచ్చేసిందని మురిసిపోయాను. శుక్రవారానికి అది ఎంతమందికి చేరిందో లెక్క లేదు. నాకే ఇంకొకరు పంపారు!

రాయచోటి వైపు ఒకావిడ మా హాలుకు వస్తుండేది. అకామా పోయి చాలా కాలమైంది. నేను రాసింది ఎవరో చదివి వినిపించారు. ఉన్న డబ్బుతో టికెట్ కొనుక్కుంది, పిల్లలకు చాక్లెట్లు కొనుక్కుంది, ఎయిర్‌పోర్టుకు వెళ్ళింది. అక్కడ కంప్యూటర్‌లో ఆమె పేరు మీద ప్రయాణ నిషేధం ఉంది. ఎప్పుడో ఆమె సివిల్ ఐడీ మీద వేరేవాళ్ళు వాయిదాల్లో ఫోన్ తీసుకుని, కట్టకుండా వెళ్ళిపోయారు. కేసు పడింది. ఆమెకు తెలియదు. విమానం వెళ్ళిపోయింది, టికెట్ డబ్బు పోయింది.

తర్వాత శుక్రవారం వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. కోపంగా లేదు. "మీరు రాసిన దాంట్లో ఇది లేదు గదమ్మా" అంది. అంతే. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. మూల ప్రకటనలో ఉంది. నా చేతిలో పోయింది.

తలా ఇంత వేసుకుని ఆ అప్పు కట్టాం. నిషేధం తీసేశారు. గడువు పొడిగించారు కాబట్టి జూన్ చివరి వారంలో ఆమె ఇల్లు చేరింది. పొడిగించకపోతే ఏమయ్యేదో తలచుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఆ ఒక్క వాక్యాన్నే ఎందుకు వదిలేశాను? కావాలని వదల్లేదు. సోమరితనం కూడా కాదు. సారాంశం అంటే పెద్ద విషయం ఉంచి చిన్న విషయాలు తీసేయడం అని నేర్చుకున్నాను. "జరిమానా లేదు" పెద్ద విషయం. "కేసులున్నవాళ్ళు" అనేది పేరా చివర్లో, చిన్నగా ఉంది. కాబట్టి తీసేశాను. కానీ అది ఎవరికి చిన్న విషయం? నాకు. నా మీద కేసు లేదు, నా అకామా సరిగ్గా ఉంది.

మనందరికీ తెలిసిన సారాంశం ఒకటుంది: కట్టె, కొట్టె, తెచ్చె. వారధి కట్టాడు, రావణుణ్ణి కొట్టాడు, సీతను తెచ్చాడు. మూడు మాటల్లో రామాయణం. మా అమ్మ చెప్పి నవ్వేది. తెలుగులో కర్త చెప్పకపోయినా క్రియ నడుస్తుంది కాబట్టి ఇంత పొట్టిగా కుదిరింది. ఇంగ్లీషులో "అతను, దాన్ని" అని చేర్చకుండా కుదరదు. కానీ ఇది అర్థమయ్యేది రామాయణం ముందే తెలిసినవాళ్ళకు. ఎవరు కట్టారు, ఏం కట్టారు, ఎవర్ని కొట్టారు? తెలియనివాడికి ఇది మేస్త్రీ గొడవలాగా వినిపిస్తుంది. మా ఆఫీసులో ఒక ఈజిప్టు ఆయనకు దీన్ని ఒకసారి చెప్పి చూశాను. "ఏం తెచ్చాడు, భోజనమా?" అన్నాడు.

ఇంకో సారాంశం వాల్మీకి రామాయణంలోనే ఉంది. బాలకాండ మొదటి సర్గ. మొత్తం 24,000 శ్లోకాల కథను నారదుడు అక్కడ 100 శ్లోకాల్లో చెప్పేస్తాడు. సంక్షేప రామాయణం అంటారు, మా హాల్లో కూడా పారాయణ చేస్తారు. నేను చాలా ఏళ్ళు అర్థం తెలియకుండా విన్నాను. తెలుగు తాత్పర్యం చదవడం మొదలుపెట్టాక ఒకటి గమనించాను. అందులో విల్లు విరవడం లేదు! విశ్వామిత్రుడి వెంట వెళ్ళడం, పెళ్ళి, ఏవీ లేవు. రాముడి గుణాలు చెప్పి నేరుగా దశరథుడు పట్టాభిషేకం చేయాలనుకోవడంతో కథ మొదలవుతుంది. మొదట, ఇంత ముఖ్యమైనది వదిలేశాడేమిటి అనుకున్నాను. తర్వాత వెనక్కి వెళ్ళి చూస్తే, వాల్మీకి అడిగిన ప్రశ్న ఉంది. ఈ కాలంలో ఇన్ని మంచి గుణాలున్న మనిషి ఎవరున్నారు అని అడిగాడు. నారదుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్తున్నాడు. మాట మీద నిలబడిన మనిషిని చూపించడానికి విల్లు అవసరం లేదు, అడవికి వెళ్ళడం కావాలి. ఇది నా ఊహ, పండితులు వేరే కారణం చెప్పవచ్చు.

నాకు మూడో వంతు లెక్క మీద నమ్మకం పోయింది అక్కడే. ఎంత పొడుగు అనేది మూలంలో మాటల లెక్క వల్ల తేలదు. అడిగినవాళ్ళు ఎవరు, ఏం అడిగారు, విన్నాక ఏం చేయబోతున్నారు అనే దాని వల్ల తేలుతుంది. ఒక్కోసారి ఇరవై పేజీలకు ఒక వాక్యం చాలు. ఒక్కోసారి పది లైన్ల నోటీసుకు పది లైన్లూ కావాలి.

పైగా తెలుగులో మాటలు లెక్కపెట్టడం అంత అర్థం ఉన్న పని కాదు. "వెళ్ళగలిగితేనే" అనేది ఒక్క మాట. అందులో వెళ్ళడం ఉంది, చేతనవడం ఉంది, షరతు ఉంది, "అప్పుడు మాత్రమే" అనేది కూడా ఉంది. చివరి "నే" ఒక్కటి పోతే చివరి అర్థం పోతుంది. మనలాంటివాళ్ళకు ఇక్కడే ప్రమాదం. పెద్ద పెద్ద మాటలు మనకు వినిపిస్తాయి, కొసన ఉన్న చిన్న ముక్కలు జారిపోతాయి. కట్టాలి, కట్టవచ్చు, కట్టక్కర్లేదు, కట్టకూడదు. ఇంటి తెలుగులో పెరిగిన మనకు ఈ నాలుగూ తెలుసు. అయినా సారాంశం రాసేటప్పుడు "జరిమానా కట్టడం గురించి" అని రాసి ఊరుకుంటాం. విషయం ఏమిటో చెప్పినట్టే ఉంటుంది, ఏం చేయాలో మాత్రం తెలియదు.

దీనికి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది. ఇళ్ళలో పని చేసేవాళ్ళ కోసం కువైట్‌లో 2015లో ఒక చట్టం వచ్చింది, 68వ నంబరు చట్టం. పని రోజుకు 12 గంటలకు మించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు అని అందులో ఉంది. 2016లో కనీస జీతం 60 దినార్లు అని నిర్ణయించారు. దీన్ని మా హాల్లో ఒక కాలేజీ అబ్బాయికి ఇచ్చి తెలుగులో టూకీగా రాయమన్నాను. మంచి పిల్లాడు, ఇక్కడే పుట్టాడు, నాలాగే తెలుగు నేర్చుకుంటున్నాడు. "రోజుకు 12 గంటలు పని చేయాలి. జీతం 60 దినార్లు. వారానికి ఒక సెలవు" అని రాశాడు.

చూశారా. మూలంలో 12 అనేది ఎక్కువలో ఎక్కువ. ఈ సారాంశంలో అది తప్పనిసరి అయింది. మూలంలో 60 అనేది తక్కువలో తక్కువ. ఇక్కడ అదే జీతం అయిపోయింది. అంకెలు రెండూ సరైనవే. చట్టం పనిమనిషి పక్షాన ఉంది, సారాంశం యజమాని పక్షాన వెళ్ళిపోయింది. ఆ పిల్లాడికి అలాంటి ఉద్దేశం ఏమీ లేదు. "మించకూడదు", "తగ్గకూడదు" అనే రెండు మాటలు బరువుగా అనిపించి తీసేశాడు. ఇది 100 దినార్ల జీతం ఉన్న ఒక అక్క విని ఉంటే, నలభై తగ్గిస్తారేమో అని భయపడేది.

తేదీలు కూడా ఇంతే. "జూన్ 17 లోపు" అంటే 17 కలుస్తుందా, కలవదా? నేను నలుగుర్ని అడిగితే రెండు జవాబులు వచ్చాయి. అప్పటినుంచి "ఆఖరి రోజు జూన్ 17" అని రాస్తున్నాను. ఒక మాట ఎక్కువైనా పరవాలేదు.

ఇంకొకటి, నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. నా తప్పుకు సగం కారణం నేను ఇంగ్లీషులో ఆలోచించడం. ఇంగ్లీషు నోటీసు ముందు అసలు మాట చెప్తుంది: వెళ్ళవచ్చు. తర్వాత కామాలు పెట్టుకుంటూ మినహాయింపులు చెప్తుంది. సారాంశం రాసే చెయ్యి మొదటి సగం తీసుకుని ఆగిపోతుంది. వాక్యం పూర్తయినట్టే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. తెలుగు అలా నడవదు. షరతు ముందు, పని చివర. "కేసు గానీ నిషేధం గానీ లేనివాళ్ళు జరిమానా కట్టకుండా వెళ్ళవచ్చు." ఇక్కడ "వెళ్ళవచ్చు" చేరాలంటే ముందు "లేనివాళ్ళు" దాటాలి. మన అమ్మమ్మలు ఇలాగే మాట్లాడతారు. "పనైపోతే రా" అంటారు గాని, "రా, పనైపోతే" అనడం తక్కువ. కాబట్టి ఇంగ్లీషులో సారాంశం రాసుకుని దాన్ని తెలుగులోకి మార్చే పద్ధతి నేను మానేశాను. మీరూ మానండి అంటాను. మూలం ఇంగ్లీషుదైనా సరే. చదివి, కాగితం మూసి, తెలుగులో చెప్పుకుని, అప్పుడు రాయండి. మొదట్లో కష్టం. నాకు ఒక్క పేరాకు గంట పట్టేది.

ఎవరు చెప్పారో కూడా సారాంశంలో ఉండాలి. నేను "వెళ్ళొచ్చు" అని రాశాను. విన్నవాళ్ళు "గుడిలో అమ్మ వెళ్ళొచ్చని చెప్పింది" అని చెప్పుకున్నారు. ప్రభుత్వం మాట నా మాట అయిపోయింది. మాట్లాడేటప్పుడు మనకు "ట" ఉంది కదా. "వెళ్ళొచ్చట" అంటే, నేను విన్నాను, నా హామీ కాదు అని ఒక్క అక్షరంలో తెలిసిపోతుంది. రాతలో "ట" గాలి కబురులా అనిపిస్తుంది కాబట్టి "ప్రభుత్వ ప్రకటన ప్రకారం, ఫలానా తేదీ పేపర్లో" అని రాస్తున్నాను. మంత్రి పేరు, ఉత్తర్వు నంబరు, ముందు పేరాలో ఉండే గొప్పలు నిస్సంకోచంగా తీసేస్తాను. వాటివల్ల ఎవరూ ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి రారు.

మధ్యలో ఒక ముచ్చట. సారాంశానికి మనకు చాలా మాటలున్నాయి: సంగ్రహం, సంక్షేపం, క్లుప్తంగా, టూకీగా. వీటిలో "ముక్తసరిగా" కూడా ఉంది. అది ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట, ముఖ్తసర్. మా ఆఫీసులో ఆ ఈజిప్టు ఆయన రిపోర్టు అడిగేటప్పుడు "ముఖ్తసర్" అంటే నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. మా అమ్మ మాట ఇతని నోట్లో ఎలా ఉంది అని! అయితే తెలుగులో "ముక్తసరిగా జవాబిచ్చాడు" అంటే పొట్టిగా చెప్పాడనే కాదు, మనసులో ఏదో ఉంచుకుని చెప్పాడు అనే ధ్వని కూడా ఉంది. నా మూడు వాక్యాలు అలాంటి ముక్తసరివే.

ఇప్పుడు ఫోనే సారాంశం రాసి ఇస్తుంది, నీకెందుకమ్మా ఈ బాధ అని పిల్లలు అంటారు. నేనూ వాడి చూశాను. బాగానే రాస్తుంది. కానీ అడిగింది రాయచోటి ఆవిడ అని, ఆమె ఐడీ మీద ఎవరో ఫోన్ తీసుకుని ఉండవచ్చని దానికి నేను చెప్తే గాని తెలియదు. నాకు ఆ రోజు తట్టనిది దానికి ఎలా చెప్తాను?

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఒక్కటే. రాసినది వెంటనే ఎవరికీ పంపను. ప్రసాదాల దగ్గర మాతో ఉండే రాజోలు అక్క ఉంది. ఆమెకు చదవడం రాదు, కానీ జ్ఞాపకం గట్టిది. ఆమెకు ఒకసారి చదివి వినిపిస్తాను. పొట్లాలు కడుతూ వింటుంది. పావుగంట ఆగి, "అక్కా, ఇందాక నేనేం చెప్పాను?" అని అడుగుతాను. ఆమె తిరిగి చెప్పిన దాంట్లో ఏది లేదో అది నేను సరిగ్గా రాయలేదని అర్థం. ఏది మారిందో అక్కడ నా వాక్యం వంకరగా ఉందని అర్థం. ఆమె అడిగే ప్రశ్నలు ఇంకా మంచివి. వాటి జవాబులే నేను వదిలేసిన విషయాలు. కథల సారాంశాలు రాసేవాళ్ళు కూడా ఇంట్లో అమ్మమ్మకో, ఫోన్‌లో పిన్నికో ఇలా చెప్పి చూడండి. "ఆ తర్వాత, ఆ తర్వాత" అంటూ పోతే వాళ్ళు మధ్యలోనే "ఇంతకీ ఏమంటావే?" అని ఆపేస్తారు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు అని విన్నవాళ్ళను వెక్కిరిస్తాం గాని, చెప్పినవాడు ఎలా చెప్పాడో ఎవరూ అడగరు.

ఆ క్షమాభిక్ష నోటీసును అభ్యాసం కోసం మళ్ళీ రాశాను. గడువు అయిపోయింది, ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు. ఇదీ అది:

"ప్రభుత్వ ప్రకటన ప్రకారం: ముందు మీ పేరు మీద కేసు గానీ, అప్పు గానీ, ప్రయాణ నిషేధం గానీ ఉందేమో కనుక్కోండి. ఉంటే టికెట్ కొనకండి, ముందు అకామా ఆఫీసుకు వెళ్ళండి. ఏమీ లేనివాళ్ళు జరిమానా కట్టకుండా దేశం వదిలి వెళ్ళవచ్చు. కొత్త వీసా దొరికితేనే మళ్ళీ రావచ్చు. ఇక్కడే ఉండాలంటే జరిమానా కట్టాలి. ఆఖరి రోజు జూన్ 17. అది దాటాక దొరికితే పంపించేస్తారు, మళ్ళీ రానివ్వరు."

మొదటిదానికి రెండింతల కన్నా పెద్దది. రెన్ అండ్ మార్టిన్ లెక్కలో మార్కులు పోతాయి. పోయిన శుక్రవారం రాజోలు అక్కకు వినిపించాను. పావుగంట తర్వాత మొత్తం సరిగ్గా చెప్పింది, ఒక్కటి కూడా పోలేదు. చెప్పాక చేతులు తుడుచుకుంటూ, "మరి కేసుందో లేదో ఎక్కడ కనుక్కోవాలమ్మా? అది రాయలేదే" అంది.